తీరిక కబుర్లు: బేరం కుదరని గుర్రప్పిల్ల

పోయిన మాసం మా ఇంట్లో చిన్న రభస జరిగింది. మా అబ్బాయి లైబ్రరీ నుంచి గుర్రాల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి చూస్తూంటే, మా అమ్మ వచ్చి దాన్ని మూసివేసి, "ఈ ఇంట్లో గుర్రం మాట వద్దు నాయనా" అన్నది. ఆవిణ్ణి తప్పుపట్టలేను. మా నాన్నగారు జీతం అందిన శనివారం డబ్బు జేబులో వేసుకుని పందేల మైదానానికి వెళ్లి, చీకటి పడ్డాక బస్సుకు కూడా చిల్లర లేక నడిచి ఇల్లు చేరడం నేనెరుగుదును. అమ్మ గాజులు రెండు జతలు అలాగే పోయినవి. అందుచేత గుమాస్తాగా ఇరవై ఏళ్లు గడిచినా నేను ఆ గేటు తొక్కలేదు.

అయినా ఆ పుస్తకం పుణ్యమా అని ఒక గుర్రం కథ తెలిసింది. ఆ రాత్రే అమ్మకు చెప్పాను. మీకూ చెబుతున్నాను. ఇది పందెం కాసినవారి కథ కాదు, పరుగెత్తిన దాని కథ.

హంగరీ దేశంలో కిష్‌బేర్ అనే చోట ప్రభుత్వంవారి అశ్వశాల ఉండేది. అక్కడ 1874 మార్చి 17న ఒక ఆడపిల్ల పుట్టింది. తల్లి పేరు వాటర్ నింఫ్, తండ్రి ఇంగ్లండు నుంచి కొనితెచ్చిన కాంబస్కన్. యజమాని ఎర్నో బ్లాస్కోవిచ్. ఆయన ఆ యేటి పిల్లలన్నిటినీ గుత్తగా అమ్మజూపితే, కొనవచ్చిన పెద్దమనిషి రెండింటిని మాత్రం వద్దన్నాడట. ఆ రెండింటిలో ఇదొకటి. సన్నని ఒళ్లు, బారు కాళ్లు, చూపుకు ఆనలేదు. అమ్ముడుపోని పిల్లను యజమాని ఇంటనే ఉంచుకున్నాడు. దానికి పెట్టిన పేరు కించెమ్. వినడానికి మన "కొంచెం" లాగా ఉంటుంది గాని, వారి భాషలో "నా నిధి" అని అర్థం. మనం పిల్లల్ని "నా బంగారు తల్లీ" అనమూ, అలాగన్నమాట. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత ఈ పిల్ల నిజం చేసింది.

చూపుకు ఆనకపోయినా వంశం మాత్రం సామాన్యం కాదు. పందేలకు పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రాలన్నిటికీ తండ్రి వరుసలో మూలపురుషులు ముగ్గురే. పదిహేడో శతాబ్దం చివరా, పద్దెనిమిదో శతాబ్దం మొదటా తూర్పు దేశాలనుంచి ఇంగ్లండుకు తెచ్చిన మూడు మగగుర్రాలవి. వాటిలో డార్లీ అరేబియన్ అనే దాని సంతతిలో, 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టిన ఎక్లిప్స్ ఒకటి. పరుగెత్తిన 18 పందేల్లోనూ అది ఓడలేదు. కించెమ్ తండ్రి ఆ ఎక్లిప్స్ వంశంవాడే. తాత న్యూమిన్‌స్టర్ 1851లో ఇంగ్లండులో సెంట్ లెజర్ గెలిచాడు. ఆ తాతను కన్న బీస్‌వింగ్ కూడా 51 పందేలు గెలిచిన ఆడగుర్రమే. అంటే నాయనమ్మల నాటినుంచీ ఇంట పరుగున్నదే.

ఇంగ్లీషు శిక్షకుడు రాబర్ట్ హెస్ప్ దీన్ని తయారుచేశాడు. 1876 జూన్‌లో బెర్లిన్‌లో మొదటి పందెం, మొదటి గెలుపు. ఆ యేడు 10, మరుసటి యేడు 17, ఆపైన 15, ఆపైన 12. పరుగెత్తినవి 54, గెలిచినవి 54. కిలోమీటరుకు తక్కువ పందెమైనా, నాలుగు కిలోమీటర్లు దాటినదైనా దానికి ఒక్కటే. ఈనాటికీ ఓటమి ఎరుగని థరోబ్రెడ్ గుర్రాలలో ఇంత లెక్క చూపగలిగినది లేదు. మన కాలంలో ఆస్ట్రేలియా ఆడగుర్రం బ్లాక్ కేవియర్ 2013లో విశ్రాంతి తీసుకునేనాటికి ఓటమి లేకుండా గెలిచినవి 25.

1878 వేసవిలో దీన్ని రైళ్లమీద, ఓడమీద ఇంగ్లండు తీసుకుపోయారు. ఆగస్టు 1న అక్కడ గుడ్‌వుడ్ కప్ గెలిచింది. దారిలో ఫ్రాన్సులో దోవిల్ పందెం గెలిచింది. జర్మనీలో బాడెన్‌బాడెన్ చేరేసరికి అలసిపోయిందో యేమో, ప్రిన్స్ గైల్స్ ది ఫస్ట్ అనే గుర్రంతో సరిసమానంగా గీత దాటింది. మళ్లీ పరుగెత్తించారు. ఈసారి సునాయాసంగా గెలిచింది. ఆ ఒక్కనాడే దాని పేరు పోయేంత పని అయింది.

దానికొక పిల్లి నేస్తం ఉండేదట, అది లేనిదే రైలెక్కేది కాదట. ఫ్రాంకీ అనే సాయిసు దాని ప్రక్కనే పడుకునేవాడు. ఒక చలిరాత్రి అతడు కప్పుకోవడానికి ఏమీ లేక వణుకుతూంటే, తన మీది కంబళి లాగి అతని మీద పడవేసిందని చెప్పుకొంటారు. అతడు పెళ్లి చేసుకోలేదనీ, ఆ గుర్రం పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాడనీ అంటారు. కథలో కొంత కల్పన ఉంటే ఉండనీయండి.

పరుగు మానిన తరువాత కించెమ్ అయిదు పిల్లల్ని కన్నది. పెద్దకూతురు బుడాద్యొంద్యె జర్మనీలో డెర్బీ గెలిచింది. తల్లి మాత్రం కడుపునొప్పితో 1887 మార్చి 17న, సరిగ్గా పదమూడేళ్లు నిండిననాడు పోయింది. దాని అస్థిపంజరాన్ని బుడాపెస్టులోని వ్యవసాయ మ్యూజియంలో నిలబెట్టారు. ఆ నగరంలోని పందేల మైదానానికీ దాని పేరే.

కథ విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఓడని గుర్రం మీద కాసినవాళ్లైనా బాగుపడ్డారా?" అని అడిగింది. లెక్క చెప్పాను. గెలుస్తుందని అందరికీ తెలిసిన గుర్రంమీద రూపాయి కాస్తే వచ్చేది పైసలే. పెద్ద మొత్తం కావాలంటే ఓడిపోయేదాని మీదే కాయాలి. యాభైనాలుగు సార్లూ దానికి ఎదురు కాసినవాళ్లు యాభైనాలుగు సార్లూ పోగొట్టుకున్నారు.

"మీ నాన్నా అంతే. ఊరికే గెలిచేది ఆయనకు పనికివచ్చేది కాదు" అని అమ్మ నవ్వింది. నాన్నగారి పందేల మాట వచ్చినప్పుడు ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు.

తెల్లవారి ఆఫీసుకు బయలుదేరుతూ చూశాను. పుస్తకం మా అబ్బాయి బల్లమీద తెరిచి ఉన్నది. అమ్మ కళ్లజోడు దానిమీదనే ఉన్నది.