మీ సంతకం లేకుండానే మీ వంతు అప్పు

ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లకు ఈఎంఐ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎంత తీసుకున్నాం, వడ్డీ ఎంత, ఎన్నేళ్లు కట్టాలి... అన్నీ చూసుకునే సంతకం పెట్టి ఉంటారు. మీ సంతకం అడగకుండానే మీ వంతు పడే అప్పు ఇంకొకటి ఉంది. అదే మున్సిపల్ బాండు.

సంగతి సింపుల్. నగరానికి ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. ఏటా వచ్చే పన్నులు చాలవు. అప్పుడు బాండ్లు అమ్మి డబ్బు తెస్తారు. కొన్నవాళ్లకు వడ్డీ కడుతూ, గడువుకు అసలు తీరుస్తారు. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ 8.90 శాతం వడ్డీకి రూ.200 కోట్లు తెచ్చింది. అంటే ఒక్క వడ్డీయే ఏడాదికి రూ.17.80 కోట్లు. ఆ ఏడాదే ఆగస్టులో 9.38 శాతానికి మరో రూ.195 కోట్లు తీసుకుంది. డిసెంబరులో విశాఖ నగర పాలక సంస్థ 10 శాతానికి రూ.80 కోట్లు సేకరించింది.

అప్పు చేయడం తప్పేమీ కాదు. ఫ్లైఓవర్ అయినా, బడి భవనమైనా పదుల ఏళ్లు వాడతాం. ఆ ఖర్చంతా ఒక్క ఏడాది పన్ను కట్టినవాళ్ల నెత్తిన వేయడం న్యాయం కాదు. అసలు ప్రశ్న వేరే. ఈ అప్పుల గురించి మీకెవరైనా చెప్పారా?

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో సంగతి చూడండి. పేద, అల్పాదాయ కుటుంబాలకు ఇళ్ల కోసం 30 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేయాలా వద్దా అని 2024 మార్చిలో ఓటర్లనే అడిగారు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే అప్పు. ఒప్పుకున్నారు. అదే ఏడాది నవంబరులో బడుల మరమ్మతులు, ఆధునికీకరణకు 79 కోట్ల డాలర్ల బాండ్లను ఓటుకు పెట్టారు. బడుల బాండ్లకు 55 శాతం చాలు. అదీ గెలిచింది. ఆ డబ్బును టీచర్ల జీతాలకు మళ్లించకూడదు. ఖర్చు గమనించడానికి పౌరుల కమిటీ ఉంటుంది. ఓటుకు ముందు ఇచ్చే సమాచార పుస్తకం ఇంగ్లిష్‌తో పాటు చైనీస్, స్పానిష్, ఫిలిపినో భాషల్లోనూ దొరుకుతుంది.

అక్కడంతా సాఫీగా ఉందని కాదు. ఈ అప్పు తీరేది ఆస్తి పన్నుతో. అద్దె నియంత్రణ ఉన్న ఇళ్లలో ఆ అదనపు పన్నులో సగం దాకా ఓనరు అద్దెకున్నవాళ్ల మీద వేయొచ్చు. హెచ్‌1బీ మీద అక్కడ ఉంటున్న మనవాళ్లకు ఈ బాండ్ల మీద ఓటుండదు, అద్దె మాత్రం తప్పదు. ఇళ్ల బాండ్లకూ 55 శాతం చాలనే ప్రతిపాదన 2024 నవంబరులో కాలిఫోర్నియా అంతటా ఓటుకు వచ్చి ఓడిపోయింది. అంటే ఇల్లు లేనివాళ్లకు ఇల్లు కట్టడానికి ఇప్పటికీ బడి కంటే పెద్ద గడప దాటాలి.

అయినా ఒక పాఠం మిగులుతుంది. బడి, పేదల ఇల్లు... ఇవి టోల్ వసూలు చేసే రోడ్లు కావు, లాభం రాదు. అయినా వాటికి అప్పు పుట్టింది. ఎందుకంటే తీర్చేది ఎవరో, దేంతోనో ముందే చెప్పి జనం చేత ఔననిపించుకున్నారు.

మన దగ్గర జీహెచ్‌ఎంసీ బాండ్ల డబ్బు ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టే ఎస్‌ఆర్‌డీపీకి వెళ్లింది. బడులు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వం పని. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి రాష్ట్ర పథకాలుగానే వచ్చాయి. పథకం పేరు మారితే పని ఎక్కడ ఆగుతుందోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది. మన నగరాలు కూడా బడుల కోసం, అందుబాటు ధర ఇళ్ల కోసం బాండ్లకు వెళ్లాలనే నేనంటాను. కాకపోతే ఒక షరతు. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఏ పన్నుతో తీరుస్తారు, ఏ వార్డులో ఏం కడతారు... ఇవన్నీ ఒకే పేజీలో, తెలుగులో, అప్పు చేయకముందే జనం ముందు పెట్టాలి. వార్డుల్లో చర్చకు పెట్టాలి.

ఇదంతా నాకెందుకు, ముందు జాబ్ రానీ అనుకుంటున్నారా? పదేళ్ల బాండంటే, ఇవాళ ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు ముప్ఫై దాటేదాకా తీరని అప్పు. ఉద్యోగం వచ్చి అదే నగరంలో రూమ్ తీసుకుంటే, ఓనరు కట్టే పన్ను ఏదో రూపంలో మీ అద్దెలోకీ వస్తుంది.

మున్సిపల్ బాండ్లకు సెబీ నిబంధనలు వచ్చింది 2015లో, దేశంలో తొలి మున్సిపల్ బాండు 1997లో బెంగళూరుది... ఇవి పోటీ పరీక్షల బిట్లుగా చదివి వదిలేస్తుంటాం. ఈసారి అక్కడితో ఆగకండి. మీ నగరం బాండ్లు జారీ చేసి ఉంటే, స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టైన వాటి పత్రాలు వెతకండి. రేటింగ్ ఎంత, దేనికి తెచ్చారు, ఏ ఆదాయం తాకట్టులో ఉంది చూడండి. దొరక్కపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆఫర్ లెటర్‌లో బాండ్ పీరియడ్ ఎంతో వెతికే కళ్లకు ఇదేమంత కష్టం కాదు.