నాయుడుపేట ప్రణాళిక నాయుడుపేటలోనే రాయాలి

ఈ తీరానికి గండం ఏ నెలలో వస్తుందో ఇక్కడి చిన్నపిల్లలు కూడా చెబుతారు. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు ఆఖరు దాకా. ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా మనకు ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. 2015 నవంబరులో కాళంగి పొంగి సూళ్ళూరుపేటను ముంచింది, చెన్నై–కోల్‌కతా రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. 2020 నవంబరులో నివర్ తుపాను. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు. 2023 డిసెంబరులో నెల్లూరు తీరాన్ని ఒరుసుకుంటూ వెళ్లి బాపట్ల దగ్గర ఒడ్డెక్కిన మిచాంగ్ తుపాను. పెద్దవాళ్లను కదిపితే 1984 నవంబరు 14 గుర్తుచేస్తారు. ఆ రోజు శ్రీహరికోట పక్కన తీరం దాటిన తుపాను మన రాష్ట్రంలో వందల ప్రాణాలు తీసుకుంది. అదే కాలంలో వచ్చే ఆపదను ప్రతిసారీ ‘అనుకోని విపత్తు’ అని రాసుకుంటూ పోవడం ఇక చెల్లదు. నాయుడుపేట పురపాలక సంఘం తన ముంపు ప్రణాళికను తానే రాసుకోవాలి. ఈ వానలు మొదలయ్యేలోపు రాసుకోవాలి.

ఇప్పుడు జరుగుతున్నదేమిటో అందరికీ తెలుసు. వాయుగుండం పేరు వినబడగానే కంట్రోల్ రూమ్ నంబర్లు ప్రకటిస్తారు, బడులకు సెలవిస్తారు, పల్లపు వీధుల వాళ్లను కల్యాణ మండపానికో పాఠశాలకో తరలించి భోజనం పెడతారు. వాన వెలిశాక నష్టం లెక్కలు రాసుకుని పైకి పంపుతారు. ఆ రాత్రుళ్లు మోకాలి లోతు నీళ్లలో దిగి కాలువల్లో అడ్డుపడిన చెత్త లాగే పారిశుద్ధ్య కార్మికుల కష్టం, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మెన్ల తెగువ మాటల్లో చెప్పలేనివి. అయినా అదంతా సహాయం. ముంపు రాకుండా, వచ్చినా ప్రాణం పోకుండా ముందే చేయాల్సిన పని వేరే ఉంది. దాన్ని చేయాల్సింది వేసవిలో, ఎండ కాస్తున్నప్పుడు. ఫొటోలకు అందని పని గనుకనే వెనకబడుతోంది.

చట్టం ఈ విషయంలో తడబడలేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 32వ సెక్షన్ ప్రకారం జిల్లా స్థాయి కార్యాలయాలే కాదు, స్థానిక సంస్థలు కూడా తమ విపత్తు ప్రణాళిక తయారుచేసుకుని, ఎప్పటికప్పుడు సవరించుకుంటూ, జిల్లా యంత్రాంగానికి అందజేయాలి. 41వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రి సిద్ధంగా ఉంచడం, తన పరిధిలో జరిగే నిర్మాణాలు విపత్తు నివారణ ప్రమాణాలకు లోబడి ఉండేలా చూడటం స్థానిక సంస్థ బాధ్యతే అంది. 2025లో ఈ చట్టాన్ని సవరించి రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేకంగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేసుకునే వీలు కల్పించారు. తిరుపతికి, నెల్లూరుకు ఆ అవకాశం దక్కుతుంది. నాయుడుపేట లాంటి పురపాలక పట్టణాలు ఆ సవరణ అంచున మిగిలిపోయాయి. చిన్న ఊళ్లను ఇలా వదిలేయడం తప్పు, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని సరిదిద్దాలి. అలాగని అంతదాకా చేతులు ముడుచుకు కూర్చోవడానికి పాత సెక్షన్లు ఒప్పుకోవు. కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా, బాధ్యత పురపాలక సంఘానిదే.

ఇక స్వర్ణముఖి సంగతి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప నీటి చుక్క కనబడని ఏరు ఇది. అందుకే దాన్ని చూసి ఎవరికీ భయం ఉండదు. ఏటిలోకి ట్రాక్టర్లు దిగుతాయి, ఒడ్డున తుమ్మ చెట్లు ముసురుకుంటాయి, పొర్లుకట్టల మట్టి తరిగిపోతుంది. చంద్రగిరి కొండల్లో గట్టిగా వాన పట్టి, కల్యాణి డ్యామ్ గేట్లెత్తి, తిరుపతి, శ్రీకాళహస్తి వాగులన్నీ కలిశాక ఆ నీరంతా గంటల తేడాతో నాయుడుపేట వంతెన కిందికి చేరుతుంది. ఊళ్లో చినుకు పడకపోయినా ఏరు పొంగవచ్చు. ఆ గంటలే మనకున్న పెట్టుబడి. 2022 ఏప్రిల్‌లో నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చినప్పుడు చాలామంది బాధపడ్డారు, ఆ బాధ సహజం. కానీ ముంపు కోణంలో చూస్తే ఆ మార్పుతో ఒక మేలు జరిగింది. ఏరు పుట్టిన చోటి నుంచి మన వంతెన దాకా ఒకే కలెక్టర్ కిందికి వచ్చింది. ఎగువన ఎంత నీరు వదిలారో, శ్రీకాళహస్తి దగ్గర మట్టం ఎంతుందో నాయుడుపేట కమిషనర్‌కు, తహసీల్దార్‌కు నేరుగా తెలిసే ఏర్పాటు చేయడానికి రెండు జిల్లాల మధ్య ఉత్తరాలు నడవాల్సిన పనిలేదు. వంతెన స్తంభం మీద ఏ గీత దాటితే ఏ వీధి ఖాళీ చేయాలో రాసిపెట్టి, ఆ గీతను జనమంతా చూసేలా ఎర్ర రంగుతో వేయాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

అసలు చిక్కు ఏటికన్నా చెరువుల దగ్గర ఉంది. మన పెద్దలు ఒక చెరువు కలుజు దూకిన నీరు కింది చెరువులో పడేలా గొలుసుకట్టుగా తవ్వుకున్నారు. ఆ గొలుసులో ఒక్క కాలువ పూడినా నీరు ఊరి మీదికి తిరుగుతుంది. కాలువను పూడ్చింది వరద కాదు, మనమే. పొలం లేఔట్ అవుతుంది, గ్రావెల్ తోలి మెరక చేస్తారు, ఆ మెరక కింద కాలువ పోరంబోకు మాయమవుతుంది. సర్వే నంబరు కాగితం మీద ఉంటుంది, నేల మీద ఉండదు. నాలుగేళ్ల తర్వాత, జీవితమంతా కూడబెట్టి అక్కడ ఇల్లు కట్టుకున్న టీచరో కండక్టరో నీళ్లలో మంచం మీద కూర్చుంటాడు. ప్లాట్లమ్మిన వాడు అప్పటికి ఊళ్లో ఉండడు. పాత వీధులదీ ఇదే కథ. సిమెంటు రోడ్డు మీద మరో సిమెంటు రోడ్డు వేస్తూ పోవడంతో ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇంటి గడప ఇప్పుడు రోడ్డుకు జానెడు దిగువన ఉంటోంది. పాత రోడ్డు తవ్వకుండా కొత్తది వేయకూడదన్న ఒక్క షరతు టెండరులో పెట్టి అమలు చేస్తే ఎన్నో ఇళ్లలోకి నీళ్లు రావు.

నిబంధనలు లేక ఇలా జరగడం లేదు. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల ప్రకారం పట్టణ పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు, పట్టణం బయట 100 మీటర్లు వదలాలి. పెద్ద చెరువు నిండుమట్టం నుంచి 30 మీటర్లు, పది హెక్టార్లలోపు చెరువైతే 9 మీటర్లు, కాలువలు, వాగుల అంచు నుంచి 9 మీటర్లు వదలాలి. ఈ అంకెలు మున్సిపల్ కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ప్లాటు కొనేవాడు చూసుకునేలా పట్టణపు నీటి దారుల పటం వార్డు సచివాలయాల్లో పెట్టాలి. పటం బయటపెట్టడానికి జంకే అధికారి ఎవరి కోసం జంకుతున్నాడో జనం అడగాలి.

వాయిదా వేస్తే ఏమవుతుందో 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు నది చెప్పింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, దిగువన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అంతకు ముందు ఏడాది దెబ్బతిన్న ఒక గేటు అప్పటికీ బాగుపడలేదు. పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ఇళ్లూ మనుషులూ కొట్టుకుపోయారు. అదే వారంలో తిరుపతి పక్కన రాయలచెరువు కట్ట లీకై చుట్టుపక్కల పల్లెలు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. తూములకు గ్రీజు పెట్టడం, కలుజులో అడ్డం కట్టిన చేపల వలలు తీయించడం, కట్ట మీద కంపచెట్లు కొట్టించడం చిల్లర పనుల్లా కనిపిస్తాయి. ప్రాణాలు నిలబడేది వాటి మీదే.

డబ్బు లేదన్న మాట కూడా పూర్తిగా నిలవదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులకు మొత్తం రూ.1,60,153 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 20 శాతం విపత్తు వచ్చాక పంచడానికి కాదు, ముందే నివారించడానికని విడిగా పెట్టింది. ఆ నిధి చిన్న పట్టణానికి తనంతట తాను నడిచి రాదు. ఏ కాలువ ఎంత వెడల్పు చేయాలో, ఏ కల్వర్టు చాలడం లేదో లెక్కలతో ప్రతిపాదన పంపిన ఊరికే అందుతుంది. ప్రణాళిక లేని ఊరు అడగడానికి కూడా నోరు లేని ఊరు.

సామాన్య జనం చేయగలరా అన్న సందేహం ఉన్నవాళ్లు ఒడిశా వైపు చూడాలి. జగత్సింగ్‌పూర్ జిల్లాలో నోలియాసాహి అనే మత్స్యకారుల ఊరుంది. తెలుగు మూలాలున్న నోలియాల పల్లె. 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం ఆ ఊరిని, గంజాం జిల్లాలోని వెంకట్రాయ్‌పూర్‌ను సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా గుర్తించింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి రెండు ఊళ్లు అవే. ముంపు పటం, తప్పించుకునే దారి బోర్డులు, ఏటా రిహార్సల్, ఎవరి బాధ్యత ఏమిటో తెలిసిన గ్రామ కమిటీ: ఆ గుర్తింపు వీటికే దక్కింది. నోలియాసాహి చేసుకున్నది మన తూపిలిపాలెం, దుగరాజపట్నం తీరపల్లెలు చేసుకోలేనిది కాదు. మార్కెట్టు, రైల్వే స్టేషను, మేనకూరు సెజ్ ఉన్న నాయుడుపేటకు అసలే కష్టం కాదు.

ఈ పట్టణానికి మరో బాధ్యత కూడా ఉంది. రెండు జాతీయ రహదారులు కలిసే చోటు ఇది. గూడూరు దగ్గరో సూళ్ళూరుపేట దగ్గరో రోడ్డు తెగితే లారీలు, బస్సులు, పసిపిల్లలతో ప్రయాణికులు ఇక్కడే ఆగిపోతారు. వాళ్లకు నీళ్లు, మరుగుదొడ్డి, తలదాచుకునే చోటు ఎక్కడో ప్రణాళికలో రాసి ఉండాలి. మేనకూరు కర్మాగారాల్లో ఏ రసాయనం ఎక్కడ నిల్వ ఉందో, వరద నీరు అందులోకి చేరితే ఎవరు ఏం చేయాలో కూడా ఉండాలి.

కాబట్టి మేం అడుగుతున్నది ఇది. ఆగస్టు ముగిసేలోగా ముసాయిదా ప్రణాళికను వార్డు సభల్లో పెట్టండి. ఏ ఏటి నీరు ఏ సందులోంచి వస్తుందో ఆ సందులో ఉండే ముసలమ్మకు ఇంజినీరు కన్నా బాగా తెలుసు, ఆమె చెప్పింది రాసుకోండి. చుట్టుపక్కల పంచాయతీల సర్పంచులనూ, నీటిపారుదల, విద్యుత్, రహదారుల అధికారులనూ అదే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ప్రతి పనికీ ఒక అధికారి పేరు, ఒక గడువు తేదీ రాయండి. సెప్టెంబరులో ఒకసారి రాత్రిపూట రిహార్సల్ చేయండి, ఎందుకంటే వరద ఎక్కువసార్లు వచ్చేది రాత్రే. ఆ ప్రణాళిక ఆమోదం పొందేదాకా ఏటి ఒడ్డున, కాలువల వెంట, చెరువుల ఆయకట్టులో కొత్త లేఔట్ ఫైలు ఒక్కటి కూడా కదలకూడదు.