ఓవెన్‌కు భయం, ఎర్తింగ్‌కు బేఫికర్

ఎల్లారెడ్డి బస్సెక్కినా, కామారెడ్డి బస్సెక్కినా ఒక్కటే ముచ్చట. "మైక్రోవేవ్‌ల కూర వేడి జేస్తే క్యాన్సరొస్తదట గదా అక్కా?" "వైఫై డబ్బా పోరగాని మంచం కాడ పెట్టొద్దట!" ఎవలు జెప్పిన్రే అంటే ఫోన్ల వచ్చిందంటరు. రేడియేషన్ భయం గూడ ఫోన్లనే రావట్టె, ఇగ ఏం జెయ్యాలె!

ముందుగాల ఒక్కటి ఇనుర్రి. రేడియేషన్లన్నీ ఒక్క తీరుగ ఉండవు. ఎక్స్‌రేలకు, గామా కిరణాలకు మన ఒంట్లె డీఎన్ఏను తెంపేంత బలముంటది. మైక్రోవేవ్‌కు, వైఫైకి, సెల్‌ఫోన్‌కు అంత బలం లేదు. ఎక్కువైతే వేడి పుట్టిస్తయి, గంతే. స్విచ్చు బంద్ జేసినంక బల్బు వెలుగు ఎట్ల మిగలదో, ఓవెన్ ఆపినంక కూరల గా తరంగాలు గట్లనే మిగలవు. తలుపు వంకరపోయి సరిగ్గ పట్టకుంటె మాత్రం వాడకుర్రి.

"మరి సెల్‌ఫోన్‌ను క్యాన్సర్ లిస్టుల పెట్టిన్రు గదా?" అంటరు. పెట్టిన్రు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011ల ఈ తరంగాలను '2బి'ల చేర్చింది. కావొచ్చునేమో గని రుజువు చాలలేదని దానర్థం. చైనా దిక్కు ఊరబెట్టుకునే కూరగాయలు గూడ గదే వరుసల ఉన్నయి. మన సర్కారు ఇంకింత జాగ్రత్తపడి, 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల హద్దును అంతర్జాతీయ లెక్కల పదో వంతుకు దించింది. ఫోన్ల కెల్లి ఒంట్లకు చేరేది ఒంటి బరువు కిలోకు 1.6 వాట్లు దాటొద్దని పెట్టింది. మీ ఫోన్ల *#07# కొట్టి చూస్కోర్రి, లెక్క కండ్లవడ్తది.

ఇగ నవ్వొచ్చే ముచ్చట. పెట్రోమాక్స్ లైటు యాదికున్నదా? పెండ్లి బారాత్‌ల నెత్తిమీద పెట్టుకొని నడిచేటోళ్లు. దాంట్ల తెల్లగ మండే మ్యాంటిల్‌ను థోరియం తోని చేసేటోళ్లు. ఓవెన్ గాదు, వైఫై గాదు, నిజంగ రేడియోధార్మిక వస్తువంటే గది! దాని వెలుగుల తెల్లార్లు భాగోతం జూసినోళ్లు ఎవ్వలన్న భయపడ్డరా? అంత భయపడే పని గూడ లేకుండె. పగిలిన మ్యాంటిల్ దుమ్ము ముక్కులకు పోకుంటె చాలు.

ఇంట్ల ఒక్క మిషిన్ లేకున్నా రేడియేషన్ మనల్ని ఇడువది. మట్టిల, బండల యురేనియం, థోరియం ఉంటయి. మనదేమో గ్రానైటు నేలనాయె. మీదికెల్లి ఆకాశం కిరణాలు. దునియ మొత్తం మీద సగటున ఒక్క మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు సహజంగనే పడ్తయి. దాంట్ల సగం దాంక నేలల కెల్లి వచ్చే రాడాన్ వాయువుదే. 1922 నాటి పోచారం ప్రాజెక్టు కట్ట మీద నిలవడ్డా మన వాటా మనకు వస్తది. ఛాతి ఎక్స్‌రే తీస్తే 0.1 లోపే. కడుపు సీటీ స్కాన్‌తోని మాత్రం ఒక్కపారే మూడు నాలుగేండ్ల వాటా పడ్తది. అవసరముంటె తీపియ్యాలె, వద్దనను. గని వైఫైని జూసి ఉరికేటోళ్లే, కడుపు జర నొస్తే "స్కాన్ తియ్యుర్రి సార్" అని డాక్టర్ ఎంటవడ్తరు!

మరి ఇంట్ల సామాన్లు అసలే ఏం జెయ్యవా? చేస్తయి. తరంగాల తోని గాదు, కరెంటు తోని. నడుస్తున్న కూలర్ల నీళ్లు పోసుడు, తడి చేతుల తోని మోటర్ స్టార్టర్ ముట్టుడు, దండెం తీగె కరెంటు వైరుకు తాకుడు: పాణాలు పోయేది గిక్కడ. మూడు పిన్నుల ప్లగ్గుల లావు పిన్ను ఉన్నది ఎర్తింగ్ కోసమే. బోర్డుల పట్టలేదని దాన్నే ఇరగ్గొడ్తరు. అడవి అంచు చేన్లల్ల పందుల కోసమని తీగెకు కరెంటు వెట్టుడు ఇంకో పాపం. పంది సంగతేమో గని మనుషులు పోతున్నరు.

గందుకే పెద్దమ్మా, ఓవెన్‌ను నడువనియ్యి. గుండెల పేస్‌మేకర్ ఉన్నోళ్లుంటె ఇండక్షన్ పొయ్యికి జర దూరముండుమను, డాక్టర్‌ను అడుగుమను. ఇగ మిగిలిన భయమంతా గా కూలర్ మీద వెట్టు. వైర్‌మన్‌ను పిలిపిచ్చి ఎర్తింగ్ చూపిచ్చు, మెయిన్ కాడ కరెంటు లీకైతే బంద్ జేసే ఆర్‌సీసీబీ స్విచ్చు ఏపిచ్చు. పెద్ద ఖర్చేం గాదు.