తెలివైన ఇంటికి తాళంచెవి ఎవరి దగ్గర?

మిక్సీ జారు పట్టేస్తే తిప్పి సరిచేసేదెవరు? మనమే. స్టవ్ బర్నర్ మూసుకుపోతే పిన్నీసుతో పొడిచి మంట తెప్పించేదెవరు? మనమే. కుక్కర్ గ్యాస్కెట్ వదులైందని విజిల్ చప్పుడు వినే చెప్పగలం. మోటారు నీళ్లు లాగడం లేదంటే ఎక్కడ గాలి పట్టిందో కూడా మనకే తెలుస్తుంది. ఇన్ని తెలిసిన ఇల్లాలు, టీవీ పక్కన పెట్టిన అరచేతంత డబ్బా ఒకటి ఎర్రలైటు వేసుకుని కూర్చుంటే మాత్రం ‘ఆయన వచ్చాక చూస్తార్లెండి’ అంటోంది. ఎందుకని?

ఆ డబ్బాను స్మార్ట్ హబ్ అంటున్నారు. ఇంట్లోని బల్బులు, ఫ్యాన్లు, ఏసీ, గుమ్మం దగ్గరి కెమెరా, వీటన్నిటికీ అది పెద్దమనిషి లాంటిది. మనం ‘లైటు వెయ్యి’ అంటే చాలా హబ్బుల్లో ఆ మాట ముందు రూటర్‌కి వెళుతుంది. అక్కణ్ణించి తీగ పట్టుకుని కంపెనీ వారి కంప్యూటర్లకు చేరుతుంది. అవి ఏ దేశంలో ఉంటాయో మనకు తెలియదు. అక్కడ అర్థమై, ఆజ్ఞగా మారి, మళ్లీ మనింటికొచ్చి బల్బు వెలిగిస్తుంది. నాలుగడుగుల దూరంలోని బల్బు కోసం మన మాట ఊళ్లు దాటి రావాలన్నమాట! దారిలో ఎక్కడ తెగినా సరే, డబ్బా ‘నెట్‌వర్క్ లేదు’ అని చేతులెత్తేస్తుంది.

పాతబస్తీలో ఇవన్నీ ఎవరింట్లో ఉంటాయిలే అనుకోకండి. లాల్ దర్వాజా, గౌలిపురా, శాలిబండ, మొగల్‌పురా... ఏ గల్లీకి వెళ్లినా ఒకటి రెండు ఇళ్లలో కనిపిస్తాయి. కొడుకు అమెరికా నుంచి వస్తూ పట్టుకొస్తాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే అల్లుడు పండక్కి ఇస్తాడు. పెట్టి, బిగించి, తన ఫోన్లో తన పేరు మీద రాసుకుని వెళ్లిపోతాడు. ఇంట్లో మిగిలేది అత్తమ్మ, ఆ డబ్బా. నాలుగు రోజుల తర్వాత కరెంటు పోయి వస్తుంది. డబ్బా మూగబోతుంది. ‘గదేందో మాట్లాడ్తలేదు బిడ్డా. పెద్దోనికి ఫోన్ కొడ్తే ఆడ అర్ధరాత్రంట’ అని పక్కింట్లో మొరపెట్టుకోవడం. ఇదీ వరస.

నా మాట ఒక్కటే. ఇల్లు తెలివైనదైతే కావచ్చు. కానీ ఆ తెలివి తాళంచెవి ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషి చేతిలో ఉండాలి.

పాతబస్తీకి ప్రత్యేకమైన చిక్కులు

కొత్త అపార్టుమెంట్లో పనిచేసిన పరికరం ఇక్కడ పనిచేయకపోతే అది మన ఖర్మ కాదు. పాత ఇళ్లకు రాయీ, డంగు సున్నమూ కలిపి కట్టిన మందపాటి గోడలుంటాయి. ఎండాకాలం చల్లగా ఉంచే ఆ గోడలే వైఫై తరంగాలను మింగేస్తాయి. రూటర్ ముందు గదిలో, హబ్ వెనక వంటింట్లో, మధ్యలో రెండు మందపాటి గోడలు, దానికి తోడు ఒక ఇనప బీరువా! ఇక సంకేతం ఎలా వస్తుంది? ఇనుము తరంగాలను అడ్డుకుంటుంది. పెద్ద నిలువుటద్దమూ అంతే.

రెండోది స్తంభాల మీది తీగలు. చార్మినార్ చుట్టుపక్కల తలెత్తి చూస్తే ఆకాశం కన్నా కేబుళ్లే ఎక్కువ కనిపిస్తాయి. 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే పాతబస్తీ బండ్లగూడలో వినాయక విగ్రహం తీసుకెళుతూ విద్యుత్ తీగ తగిలి ఇద్దరు యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాంతో విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుల్, ఇంటర్నెట్ తీగలను కత్తిరించారు. నగరంలో చాలా ఇళ్లలో నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది.

ప్రాణం ముందు నెట్ ఎంత? వేలాడే తీగలు తీసేయాల్సిందే, సందేహం లేదు. కానీ ఆ రోజుల్లో ‘మా లైట్లు వెలగడం లేదు’ అని కంగారుపడిన ఇళ్లున్నాయంటే అసలు ప్రశ్న వేరే ఉంది. వీధిలో ఎవరో తీగ కోస్తే మనింటి దీపం ఎందుకు ఆరాలి?

భయపడకుండా చూడండి

డబ్బా మాట్లాడనంత మాత్రాన చెడిపోయిందని కాదు. పిల్లాడు ఏడిస్తే ఆకలా, కడుపునొప్పా, చీమ కుట్టిందా అని మనం ఒక్కొక్కటీ చూడమూ? ఇదీ అంతే.

ముందు మీ ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫై మీద ఏదైనా తెరిచి చూడండి. ఫోన్లోనూ రాకపోతే తప్పు హబ్‌ది కాదు, లైనుది. గోడకున్న ఫైబర్ డబ్బా మీద ఎల్.ఓ.ఎస్. అని రాసి ఉన్నచోట ఎర్రలైటు వెలుగుతుంటే బయటి నుంచి వెలుతురు సంకేతం రావడం లేదని అర్థం. తీగ తెగి ఉండొచ్చు, ఎక్కడో వంగి ఉండొచ్చు. అప్పుడు మీరు వందసార్లు ఆపి వేసినా లాభం లేదు. నెట్ ఇచ్చే వారికి ఫోన్ చేసి ‘ఎల్.ఓ.ఎస్. ఎర్రగా వెలుగుతోంది’ అనండి. ఆ ఒక్క మాటతో ‘అమ్మా, ఇంట్లో సార్ ఉన్నారా?’ అనే ప్రశ్న సగం తగ్గిపోతుంది!

ఫోన్లో వస్తూ హబ్‌కి మాత్రం రాకపోతే చిక్కు రూటర్‌కీ హబ్‌కీ మధ్య ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగేదిదే. రెండూ ఒకేసారి మేలుకుంటాయి. హబ్ త్వరగా లేచి రూటర్ కోసం వెతుకుతుంది. రూటర్ ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంటుంది. కొన్ని హబ్బులు రెండుమూడుసార్లు పిలిచి ఊరుకుంటాయి. అందుకని రెండిటి ప్లగ్గులూ తీసి అర నిమిషం ఆగండి. ముందు రూటర్ పెట్టండి. దాని లైట్లు నిలకడగా వెలిగేదాకా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టి, తర్వాత హబ్ పెట్టండి. చాలా ఇళ్లలో జబ్బు ఇక్కడే నయమవుతుంది. రూటర్ కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి, దానికి సరిపోయేది తీసుకుంటే కరెంటు పోయినా రూటర్ నిద్రపోదు.

ఒక హెచ్చరిక. ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. వెనక సూదిబెజ్జంలో పిన్ను పెట్టి నొక్కితే డబ్బా మన ఇంటినే మరిచిపోతుంది. అన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. అది ఆఖరి మందు.

ఇంకొకటి. వైఫైలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటాయి. 5 వేగంగా పోతుంది గానీ గోడ దాటలేదు. 2.4 నెమ్మదే, కానీ దూరం నడుస్తుంది. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలామటుకు 2.4 మాత్రమే ఎరుగుతాయి. ఎవరైనా రూటర్‌ని ‘వేగంగా ఉంటుంది’ అని 5 మీదికి మారిస్తే అవన్నీ దారి తప్పుతాయి. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ 2.4 దగ్గరి తరంగాలతోనే వండుతుంది. కాబట్టి హబ్‌ని దాని పక్కన పెట్టొద్దు. హబ్‌కి నెట్ తీగ పెట్టుకునే రంధ్రం ఉంటే రూటర్‌కి తీగతోనే కలపండి. మందపాటి గోడల ఇళ్లకు అంతకన్నా నమ్మకమైన దారి లేదు.

రూటర్ మార్చేటప్పుడు బిగించే అబ్బాయికి ఒక్క మాట చెప్పండి: ‘బాబూ, పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టు.’ అవి మారకపోతే చాలావరకు పరికరాలన్నీ వాటంతటవే కలుసుకుంటాయి. మారితే ఒక్కొక్క బల్బుకూ మళ్లీ పరిచయాలు చేయాలి.

చూశారా, ఇందులో బ్రహ్మవిద్య ఏమైనా ఉందా? ఆవకాయలో ఉప్పూకారాల పాళ్లు గుర్తుపెట్టుకునే వారికి ఇదొక లెక్కా?

పేరు ఎవరిది?

అసలు చిక్కు తీగల్లో లేదు. ఆ డబ్బాకు యజమానిగా ఎవరి పేరు రాశారన్న దాంట్లో ఉంది. చాలా ఇళ్లలో భర్తదో, కొడుకుదో. రోజంతా ఆ ఇంట్లో ఉండే ఆడమనిషి దానికి అతిథి. కొన్ని ఇళ్లలో అతిథి కూడా కాదు. పాస్‌వర్డ్ తెలియదు. తెలిసినా మార్చే అధికారం లేదు. ఇంటి పట్టా మీద పేరు లేకపోవడం మనకు కొత్త కాదు. ఇప్పుడు స్విచ్చి మీద కూడా లేదు!

ఇది ఉత్త సౌకర్యం సంగతి కాదు. ఎక్కడో కూర్చుని ఇంట్లో లైటు ఆర్పగలిగినవాడు, ఏసీ ఆపగలిగినవాడు, గుమ్మం కెమెరాలో ‘ఎవరొచ్చారు, నువ్వెప్పుడు వెళ్లావు’ అని చూడగలిగినవాడు మంచివాడైతే సరే. కాకపోతే? స్మార్ట్ పరికరాలు గృహహింసకు పనిముట్లవుతున్నాయని, అమెరికాలో బాధిత స్త్రీలు తమ ఇంటి తాళాలు, లైట్లు తమ మాట వినడం లేదని సహాయ కేంద్రాలకు చెప్పుకుంటున్నారని 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది. ఆ ఆడవాళ్లు ‘నెట్ సరిగా లేదేమో’ అని సర్దిచెప్పుకునే వీలు కూడా ఉంది చూడండి, అదే భయంకరం. పరికరం ఎలా పనిచేస్తుందో తెలియని మనిషికి అది చెడిపోయిందో, ఎవరైనా ఆడిస్తున్నారో తేడా తెలియదు. తెలుసుకోవడం అందుకోసం కూడా.

ప్రమిదకు వర్జీనియాతో పనేమిటి?

ఇంకో సంగతి. మన లైను బాగున్నా, రూటర్ బాగున్నా కంపెనీ పక్క చిక్కు రావచ్చు. 2025 అక్టోబరు 20న, సరిగ్గా మన దీపావళి రోజున, అమెరికాలోని వర్జీనియాలో ఉన్న అమెజాన్ కంప్యూటర్ కేంద్రాల్లో లోపం తలెత్తింది. అనేక దేశాల్లో అలెక్సా, రింగ్ కెమెరాలు గంటల తరబడి మొరాయించాయి. ఆ రోజు గుమ్మంలో పెట్టుకున్న ప్రమిదకు మాత్రం వర్జీనియాతో పని పడలేదు!

అంతకంటే ముందే ఇంకో ముచ్చట ఉంది. రివాల్వ్ అనే హబ్‌ను తయారుచేసిన కంపెనీని 2014లో నెస్ట్ కొనేసింది. 2016 మేలో దాని వెనకుండే సేవ ఆపేశారు. 300 డాలర్లు పోసి కొన్నవారి ఇళ్లలో హబ్ ఉత్త డబ్బాగా మిగిలిపోయింది. కొనుక్కున్నాం గనక మనదే అనుకుంటాం. ప్రాణం మాత్రం వేరెవరి దగ్గరో ఉంటుంది.

కాబట్టి కొనేముందే దుకాణంలో ఒక ప్రశ్న అడగండి: ‘నెట్ లేకపోతే ఇది పనిచేస్తుందా?’ ఇంటి లోపలే, బయటికి పోకుండా మాట వినే రకాలూ ఉన్నాయి. 2022లో వచ్చిన మ్యాటర్ అనే కొత్త ప్రమాణం అందుకు వీలిస్తుంది. డబ్బా మీద ఆ గుర్తు ఉందేమో చూడండి. దుకాణదారు నీళ్లు నమిలితే డబ్బు దాచుకోండి.

గోడ మీది స్విచ్చి మాత్రం ఎవరేం చెప్పినా తీయనివ్వకండి. తలుపు తాళం కూడా తాళంచెవితో తెరుచుకునేదే ఉండాలి. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది, వారిలో పసిపిల్లలు కూడా, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఘోరాన్ని ఈ డబ్బాల మీదికి నెట్టడం నా ఉద్దేశం కాదు. పొగ కమ్మితే బయటపడటానికి ఎంత తక్కువ సమయం దొరుకుతుందో అది మనకు చెప్పింది. అలాంటి క్షణంలో తలుపు నెట్ కోసం ఎదురుచూడకూడదు.

ఇక ఇంట్లో మగవారికి, మగపిల్లలకి నాదొక మనవి. కానుక తెచ్చారు, సంతోషం. దానితోపాటు ఒక గంట సమయం కూడా ఇవ్వండి. అమ్మ పేరు మీద, భార్య పేరు మీద కూడా యజమాని హక్కు రాయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, నెట్ వారి ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి, గ్యాస్ పుస్తకం పెట్టే సొరుగులో పెట్టండి. మీ ముందే ఆమె చేత ఒకసారి ఆపించి, వేయించి చూడండి. ‘నీకెందుకులే, నేను చూస్తాగా’ అనే మాట ప్రేమగానే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ మాటతోనే బ్యాంకు పుస్తకం, ఇంటి కాగితాలు ఎన్నో ఏళ్లుగా మన చేతికి రాలేదు.

మనమూ ‘నాకేం తెలుసు’ అనే మాట మానేద్దాం. ఈసారి ఆ డబ్బా మూగబోయినప్పుడు ఎవరికీ ఫోన్ చేయకుండా ముందు మనమే వెళ్లి ఏ లైటు వెలుగుతోందో చూద్దాం. ఏమంటారు?