డెల్టా కాలేజీల్లోనూ ప్రొటీన్ తయారు కావాలి

కీళ్లవాతానికి మందు వాడే గుడివాడవాళ్లలో చాలామందికి మెథోట్రెక్సేట్ తెలుసు. రోజూ కాదు, వారానికి ఒక్కసారే వేసుకోవాలని డాక్టర్లు మరీమరీ చెప్పే మాత్ర అది. పిల్లల బ్లడ్ క్యాన్సర్ చికిత్సలోనూ వాడతారు. దాన్ని తయారు చేసింది మన పొరుగునే, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వాళ్లు ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్‌నూ, ఆపైన మెథోట్రెక్సేట్‌నూ రూపొందించారు. అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా కొంతకాలమైనా తగ్గుతోందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు కన్నుమూసిందీ ఆ ఏడాదే.

ఆ మందులు కణంలో దేన్ని అడ్డుకుంటాయో 1958లో గానీ తేలలేదు. అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము. కణం కొత్త డీఎన్‌ఏ తయారు చేసుకోవాలంటే అది పనిచేయాల్సిందే.

ఇవాళ ఆ మానవ ఎంజైము కోసం మనిషి కణజాలం అక్కర్లేదు. దాని జన్యువును ఈ-కోలై బ్యాక్టీరియాలో పెడితే, 187 అమైనో ఆమ్లాల ఆ ప్రొటీన్‌ను బ్యాక్టీరియాయే తయారు చేసి ఇస్తుంది. చివర హిస్టిడిన్ల తోక తగిలిస్తే నికెల్ కాలమ్‌లో మిగతావన్నీ కారిపోయి ఇదొక్కటే నిలుస్తుంది. ఇది రోగులకిచ్చే మందు కాదు. పరిశోధకుల కోసం మైక్రోగ్రాముల లెక్కన, చిన్న వయల్స్‌లో, చల్లగా ఉంచి అమ్మే సరుకు.

దీని అవసరం చిన్నది కాదు. అందరికీ తెలిసిన సెప్ట్రాన్‌లోని ట్రైమెథోప్రిమ్, బ్యాక్టీరియాలోని ఇదే ఎంజైమును గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఎంజైము జోలికి పెద్దగా రాదు. కొత్త మందుకూ ఆ గుణం ఉందో లేదో తేల్చాలంటే రెండు ఎంజైముల మీదా పరీక్షించాలి. 340 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ రీడింగ్ తగ్గుతూ పోతే ఎంజైము పనిచేస్తున్నట్టు. మందు కలిపాక ఆ తగ్గుదల ఆగితే మందు పట్టినట్టు.

జన్యువును వేరే జీవిలో పెట్టి ప్రొటీన్ తీసే ఈ విద్య తెలుగువాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఇదే జన్యు పరిజ్ఞానంతో 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. డెల్టా పిల్లలు మాత్రం అది నేర్చుకోవడానికి ఊరు వదిలి ఎందుకు వెళ్లాలి?

ప్రచురించే పరిశోధనకు స్వచ్ఛత, చురుకుదనం పక్కాగా నిర్ధారించిన ఎంజైమే కావాలి, నిజమే. విద్యార్థి చేయి తిరగడానికి మాత్రం సొంతంగా తీసిన ప్రొటీన్ చాలు. షేకర్ ఇంక్యుబేటర్, సెంట్రిఫ్యూజ్, డీప్ ఫ్రీజర్ కావాలి. తుపానుకు కరెంటు పోయే ప్రాంతం కాబట్టి జనరేటరూ తప్పదు. ఒక్కో కాలేజీకి ఇవన్నీ కొనడం భారమే. అందుకే మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం చొరవ తీసుకుని గుడివాడ, అవనిగడ్డ విద్యార్థులు కూడా వాడుకునేలా ఉమ్మడి ప్రొటీన్ ల్యాబ్ పెట్టాలి. అందుకు రాష్ట్ర ప్రభుత్వం నిధులివ్వాలి. ఆ ల్యాబ్‌లో మొదటగా తీసే ప్రొటీన్ సుబ్బారావు మందు పట్టుకునే ఈ ఎంజైమే కావాలి.