ఊరి చెరువులో అడవి

తిరుత్తంగల్ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారుజామున వాకిలి ఊడ్చడానికి తలుపు తీసిన ఇల్లాలికి గోడమీద నెమలి కనబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. అది కుమారస్వామి వాహనం, 1963 నుండి జాతీయపక్షి కూడా. విత్తనాలు ఏరుకుని తింటుందని రైతు విసుక్కుంటాడే కాని రాయి విసరడానికి అతనికి చెయ్యి రాదు. అడవిపంది వచ్చినప్పుడు మాత్రం సంగతి వేరు. కుక్కలు మొరుగుతాయి, వీధివీధంతా కర్రలతో లేస్తుంది, పిల్లలు కూడా గుంపులో చేరతారు. నిజానికి అన్నిటికంటె ప్రమాదం ఆ గుంపుతోనే. దారి దొరికితే పారిపోవాలని చూసే జంతువు, నాలుగువైపులా మనుషులు మూసివేస్తే మీదికి దూకుతుంది.

మరునాడు అందరి నోటా ఒకే మాట: "అడవిలోనుంచి వచ్చింది."

ఏ అడవి? పడమటి కనుమల అడవి శ్రీవిల్లిపుత్తూరుకు అవతల ఉంది. అక్కడ బూడిదరంగు పెద్ద ఉడుతల కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. 2021లో శ్రీవిల్లిపుత్తూరు, మేఘమలై అడవులు కలిపి పులుల సంరక్షణ కేంద్రమయ్యాయి. తిరుత్తంగల్ పొలాలకు ఆ కొండలు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం. ప్రతిరాత్రి మొక్కజొన్న చేలో పడే పంది అంతదూరం నడిచివచ్చి, తెల్లవారేసరికి తిరిగి అంతదూరం పోతుందా? పోదు. అది ఉండే చోటు ఊరి పక్కనే ఉంది. తమిళంలో కణ్మాయ్ అని పిలిచే చెరువులోనే అది కాపురముంటోంది.

నీళ్లుండవలసిన ఎన్నో చెరువుల్లో ఇప్పుడు సీమకరువేలం నిండి ఉంది. ఆంధ్రదేశంలో దీనిని సర్కారుతుమ్మ అంటారు. అమెరికా ఖండం నుండి వచ్చిన ఈ ముళ్లచెట్టు ఎండకు తట్టుకుంటుంది, వంటచెరకు ఇస్తుంది అని ఒకప్పుడు దానిని ఆదరించారు. పూడిక తీయని చెరువుల్లో, సాగు మానేసిన బీళ్లలో అది తనంతట తానే అల్లుకుపోయింది. ఆ పొదల్లోకి మనిషి దూరలేడు. పగలు నీడ, వాన కురిస్తే పొర్లడానికి బురద, కూతవేటు దూరంలో వేరుశనగ, మొక్కజొన్న చేలు. పందికి ఇంతకంటె ఏం కావాలి? ఈతకు అయిదారు పిల్లల్ని పెట్టే జంతువు అది. ఆ పిల్లల్ని ఎత్తుకుపోయే నక్కలు ఇప్పుడు అరుదైపోయాయి. అదృష్టం కలిసివచ్చినవాణ్ణి నక్కతోక తొక్కి వచ్చాడని తెలుగువారు అంటారు. నక్క ముఖం చూసి లేచాడా అని తమిళులు అడుగుతారు. రెండు భాషల్లోనూ సామెత మిగిలింది కాని, తొక్కడానికి తోక మిగలలేదు.

ఈ నేలకు, అడవికి ఉన్న లెక్క పాతదే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి.రాజనారాయణన్ 1976లో తమిళంలో 'గోపల్ల గ్రామం' నవల వ్రాశారు. తెలుగుదేశం విడిచి దక్షిణానికి వచ్చినవారు అడవికి నిప్పుపెట్టి, నేలను చదునుచేసి, నల్లరేగడిని సాగులోకి తెచ్చుకున్న కథ అది. ఆనాడు అడవిని కొట్టి ఊరు కట్టారు. ఈనాడు ఊరు తన చెరువును పట్టించుకోక అక్కడ మరో అడవిని పెంచింది. పాత అడవికి ఇది సాటిరాదు. ఇందులో ఒకటే చెట్టు.

రైతు బాధను చిన్నదిగా చూడడం మాత్రం న్యాయం కాదు. ఇక్కడి మెట్టసాగు ఈశాన్య ఋతుపవనాన్ని నమ్ముకున్నది. పురటాశిలో విత్తి, వాన కోసం ఆకాశం చూసి, కంకి పాలు పోసుకునే దాకా కాపాడిన చేను ఒక్కరాత్రిలో నేలమట్టమవుతుంది. పంది తిన్నదానికంటె తొక్కి పాడుచేసినదే ఎక్కువ. పట్టణంలో కూర్చుని జీవకారుణ్యం బోధించడం తేలిక. ఆ కారుణ్యానికయ్యే ఖర్చునంతా ఒక్క రైతు నెత్తిన రుద్దడం కారుణ్యం అనిపించుకోదు. నష్టపరిహారం తరువాతి విత్తుకాలానికి ముందే చేతికందితేనే దానికి అర్థముంటుంది.

రైతులు తోచిన ఉపాయాలన్నీ చేస్తారు. గట్లమీద పాతచీరలు కడతారు, క్షౌరశాల నుండి వెంట్రుకలు తెచ్చి చల్లుతారు, మంచెమీద రాత్రంతా కూర్చుంటారు. దేశానికంతటికీ టపాకాయలు చేసి పంపే శివకాశి పక్కన టపాకాయలకు కొదవ లేదు కాని, కొద్దిరోజులకే పందులు ఆ చప్పుడుకు అలవాటుపడతాయి. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వరుసలు వేయమని హైదరాబాదు రాజేంద్రనగర్ శాస్త్రజ్ఞులు సూచించారు. చిన్నరైతుకు ఇది అందుబాటులో ఉన్న పని.

ఏ ఉపాయమూ పారనప్పుడు కొందరు దొంగచాటుగా కరెంటు తీగ లాగుతారు. దీనిని ఎంత నష్టం జరిగినా సమర్థించడానికి వీలులేదు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర పొలానికి కట్టిన అటువంటి తీగ తగిలి మూడు ఆడఏనుగులు చచ్చిపోయాయి. రెండు గున్నలు తల్లులు లేనివై మిగిలాయి. చీకట్లో ఆ తీగకు పంది ఏదో, పక్కచేనుకు నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషి ఎవరో తెలియదు. ఉలిక్కిపడేలా చేసి వదిలే సౌరకంచె వేరు, ప్రాణం తీసే ఈ తీగ వేరు. విద్యుత్ కంచెలను నమోదు చేసుకోవాలని తమిళనాడు ప్రభుత్వం 2023లో నియమాలు తెచ్చింది.

2025 జనవరిలో పందుల విషయంలో కూడా ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. రక్షిత అడవి సరిహద్దుకు కిలోమీటరు లోపల పందిని కాల్చరాదు. ఒకటి నుండి మూడు కిలోమీటర్ల మధ్య దొరికితే పట్టి అడవిలో వదలాలి. మూడు కిలోమీటర్లు దాటితే అటవీశాఖ సిబ్బంది కాల్చవచ్చు. రైతు తానే తుపాకి పట్టే వీలు దీనిలో లేదు, అది మంచిదే. అయితే తుపాకి పందుల్ని తగ్గించగలదేమో కాని పొదను తగ్గించలేదు. పొద ఉన్నంతకాలం వచ్చే ఏడు మరో ఈత దానిలోనే పెరుగుతుంది.

కనుక మొదట చేయవలసిన పని చెరువులోనే ఉంది. సీమకరువేలాన్ని తొలగించమని 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించినా, ఆ వ్యవహారం తరువాత అనేక మలుపులు తిరిగింది. పని సులువైనదేమీ కాదు. ఈ చెట్టును కాల్చి బొగ్గుచేసి బతికే కుటుంబాలు విరుదునగర్, రామనాథపురం జిల్లాల్లో ఉన్నాయి. కొట్టే పనిని, బొగ్గును వారికే అప్పగిస్తే వారి పొట్ట కొట్టినట్లు కాదు. పైకి నరికి వదిలితే మోడు మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పెకలించాలి. ఒక ఊరు మాత్రమే పెకలిస్తే పందులు పక్క ఊరి చెరువుకు మకాం మారుస్తాయి. ఒకే వరుసలో నీరు పారే చెరువుల ఊళ్లన్నీ కలిసి, వానలకు ముందే పూనుకోవాలి. పొదల కింద తూము ఎక్కడ పూడిపోయిందో వేలుపెట్టి చూపగల ముసలివారు ఆ ఊళ్లలో ఇంకా ఉన్నారు.