నమస్కారం పెట్టిన ప్రాణి

మా ముందుగదిలో గోడమీద ఒక ఫొటో వుంది. యింటికి వచ్చినవాళ్లు కాఫీ తాగుతూ దాన్ని చూసి, "ఇదేమిటండీ, కోతిపిల్లా, పిల్లికూనా?" అని అడగడం, మేము దాని కథ చెప్పడం ఆనవాయితీ. అయితే చెప్పే కథ మాత్రం మధ్యలో మారిపోయింది.

2012లో మా బావమరిది పట్టుబట్టగా సకుటుంబంగా థాయిలాండ్ వెళ్లాం. పుకెట్ ద్వీపంలో, పాటోంగ్ అనేచోట, బంగ్లా రోడ్డని ఒక వీధి వుంది. పొద్దుగూకిందంటే అక్కడ తిరనాళ్లే. కళ్లు చెదిరే దీపాలు, చెవులు దిబ్బళ్లు పడే పాటలు. ఆ జనంలోంచి ఒక కుర్రవాడు వచ్చి, మా అమ్మాయి చేతిమీద ఓ చిన్న బొచ్చుప్రాణిని పెట్టేశాడు. చక్రాలంత కళ్లు దానికి. కుర్రవాడు కాస్త కదిలించాడో లేదో, రెండు చేతులూ తలమీదికి ఎత్తింది.

"అదుగో, నమస్కారం పెడుతోంది!" అన్నాడు మా బావమరిది. ఏడేళ్ల మా అమ్మాయి ఫక్కున నవ్వింది. నేను ఫొటో తీశాను. కుర్రవాడు చెయ్యి చాచాడు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మా ఆవిడ, "అడిగినంతా ఇచ్చెయ్యండి, పాపం" అంది. యింటికి రాగానే ఆ ఫొటోకు పటం కట్టించాం.

మరుసటి ఏడు, 2013 సెప్టెంబరులో, పేపర్లో ఒక వార్త పడింది. రిహానా అనే ప్రఖ్యాత గాయని అదే పుకెట్‌లో అలాంటి ప్రాణితోనే ఫొటో తీయించుకుని లోకానికంతటికీ చూపించిందట. దానిమీద పోలీసులు కదిలి, ఆ ప్రాణిని తిప్పుతున్న యిద్దరిని పట్టుకున్నారట. ఆ సాయంత్రం మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడు వస్తే, పటం చూపించి అడిగాను.

"దీన్ని స్లో లోరిస్ అంటారు. మన శేషాచలం అడవుల్లో వుండే దేవాంగపిల్లికి దాయాది. రాత్రిపూట చీకట్లో తిరిగే జీవి. ఆ కళ్లకు మీ దీపాలే పెద్ద శిక్ష" అన్నాడాయన.

"అయినా ఎంత చక్కగా నమస్కారం పెట్టిందనుకున్నారు!" అన్నాను.

"నమస్కారమా! దాని మోచేతి లోపలివైపు ఒక గ్రంథి వుంటుంది. బెదిరినప్పుడు చేతులెత్తి, ఆ ద్రవాన్ని నోటికి అందించుకుంటుంది. ఉమ్మితో కలిస్తే అది విషం. నన్ను ముట్టుకుంటే కరుస్తాను అంటోందండీ అది."

"మరి కరవలేదే?"

"దేంతో కరుస్తుంది? మత్తుమందైనా యివ్వకుండా ముందే పళ్లు కత్తిరించేస్తారు. చిగుళ్లు చీముపట్టి చాలా చచ్చిపోతాయి. బతికినవాటిని అడవిలో వదిలినా లాభం లేదు. చెట్టు బెరడు కొరికి, జిగురు తిని బతికే ప్రాణి, పళ్లు లేకపోతే ఏం చేస్తుంది? 2007లోనే అంతర్జాతీయ ఒప్పందం కింద దీని వ్యాపారాన్ని దేశాలమధ్య నిషేధించారు. కాని వీధిలో ఫొటోకు డబ్బులిచ్చేవాళ్లున్నంతకాలం, అడవిలో పట్టేవాళ్లూ వుంటారు."

గుమ్మం దగ్గర నిలబడి మా అమ్మాయి అంతా విన్నది. "నాన్నా, దాన్ని తిప్పినవాళ్లను పోలీసులు పట్టుకున్నారు గదా. డబ్బులిచ్చిన మనల్ని ఎవరు పట్టుకుంటారు?" అంది.

పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి, నాకు జవాబు దొరకలేదు. ఆ కుర్రవాణ్ణి తిట్టడం తేలికే. కాని వాడి చేతిలో ఆ ప్రాణి వున్నది నా జేబులో డబ్బును చూసుకునే గదా!

లేచి పటం దించబోయాను. "అమ్మాయి నవ్వు మరే ఫొటోలోనూ అంత బాగా పడలేదండీ" అంది మా ఆవిడ నెమ్మదిగా. అమ్మాయి మాత్రం, "తియ్యొద్దు నాన్నా. అడిగినవాళ్లందరికీ నిజం చెబుదాం" అంది.

అప్పటినుంచీ చెబుతూనే వున్నాం. మొన్న పక్కింటాయన థాయిలాండ్‌కు టిక్కెట్లు కొన్నామని చెప్పడానికి వచ్చి, ఈ కథ వింటూ కాఫీ చల్లార్చేసుకున్నాడు. మా ఆవిడ మళ్లీ వేడిచేసి యిచ్చింది.

మమ్మల్ని ఎవరూ పట్టుకోలేదు. జరిమానా మాత్రం యిలా వాయిదాల మీద చెల్లిస్తున్నాం.